ఒకేసారి మూడు నాలుగు సిమ్యులేషన్లు వేసేటప్పుడు ఒక్కోదానికి ఎన్ని కోర్లు ఇవ్వాలి?

ప్రశ్న పొడుగ్గా ఉంది కాబట్టి ముందు సారాంశం రాసేస్తా, మధ్యలో వచ్చి చదివేవాళ్ళకి కూడా ఉపయోగం. అడిగినవాళ్ళు గుంటూరులో ఎం.టెక్ చేస్తున్నారు, ప్రాజెక్టు మిర్చి కోల్డ్ స్టోరేజీలో గాలి ఎలా తిరుగుతుందన్న దాని మీద. టిక్కీలు (మిర్చి బస్తాలు) పేర్చే పద్ధతీ, ఫ్యాన్ల స్పీడూ మార్చుకుంటూ ఓపెన్‌ఫోమ్‌లో (గాలి, నీళ్ళ ప్రవాహం లెక్కేసే సాఫ్ట్‌వేర్) మొత్తం 12 కేసులు, ఒక్కోటి సుమారు 8 లక్షల సెల్స్ (లెక్క కోసం గదిని కోసుకున్న చిన్న గళ్ళు). మెషీన్ రైజెన్ 9 5950ఎక్స్ ప్రాసెసర్‌ది (అందులో విడివిడిగా లెక్క చేసే భాగాలే కోర్లు), 64 జీబీ ర్యామ్, ఉబుంటు. కేసుకి 5 కోర్ల చొప్పున మూడు ఒకేసారి వేస్తే (15 అయింది, ఉన్నవి 16, లెక్క సరిపోయింది కదా అంటున్నారు) ఒంటరిగా వేసినప్పటికంటే ప్రతిదీ మూడు రెట్లు నెమ్మదిగా నడుస్తోంది, టాప్‌లో (ఎవరు ప్రాసెసర్‌ని ఎంత వాడుతున్నారో చూపించే కమాండ్) చూస్తే అన్ని ప్రాసెస్‌లూ 33 శాతం దగ్గరే కొట్టుకుంటున్నాయి. కమాండ్‌లో బైండ్-టు కోర్ (ఒక్కో ప్రాసెస్‌ని ఒక్కో కోర్‌కి కట్టేయమని) అని కూడా పెట్టారు, ఎక్కడో మంచిదని రాసి ఉంటే. అడిగింది ఏంటంటే, ఒక్కోదానికి ఎన్ని కోర్లు ఇవ్వాలి, సిస్టమ్ 32 అని చూపిస్తోంది కదా ఆ 32 వాడుకోవచ్చా, లేకపోతే ఒకదాని తర్వాత ఒకటి 16 కోర్ల మీద లాగించుకోవడమే మేలా.

సూటిగా చెప్పాలంటే కేసుకి 4 కోర్లు, ఒకేసారి మూడు కేసులు, ఎవరి కోర్లు వాళ్ళకి విడివిడిగా కట్టేయాలి. నాలుగో కేసు కూడా పెట్టొచ్చా అనేది చిన్న టెస్టుతో తేలిపోతుంది, ఎలాగో కింద రాస్తా. 32 వద్దు. 16 కోర్లూ ఒక్క కేసుకే ఇచ్చి వరసగా వేయడం కూడా వద్దు, మొట్టమొదటి కేసు మాత్రం ఒంటరిగా 8 కోర్ల మీద వేయండి.

(ఫోన్‌లో తెలుగు కీబోర్డుతో కొడుతున్నా కాబట్టి కమాండ్ల పేర్లు కూడా తెలుగులోనే పడతాయి, మీరు టెర్మినల్లో మామూలుగానే కొట్టుకోండి.)

ముందు ఆ 33 శాతం సంగతి. మీ మెషీన్ నెమ్మదిగా లేదు, మీ మూడు కేసులూ ఒకే 5 కోర్ల మీద ఎక్కి కూర్చున్నాయి, మిగతా 11 కోర్లు ఖాళీగా ఉన్నాయి. నమ్మకం లేకపోతే హెచ్‌టాప్ తెరిచి కోర్ల వారీగా గీతలు చూడండి, మొదటి అయిదూ నిండుగా, మిగతావి నేల మీద ఉంటాయి. ఎందుకిలా అంటే, ఓపెన్ ఎంపీఐకి (ఒక కేసు ముక్కల్ని వేర్వేరు కోర్ల మీద కలిపి నడిపించేది) బైండ్-టు కోర్ అని చెప్తే అది మొదటి ప్రాసెస్‌ని మొదటి కోర్‌కి, రెండోదాన్ని రెండో కోర్‌కి అలా కట్టుకుంటూ పోతుంది, ఒక్క జాబ్ ఉన్నప్పుడు అది చాలా మంచి పని. కానీ మీరు ఎంపీఐరన్ (దాన్ని మొదలెట్టే కమాండ్) మూడు సార్లు విడివిడిగా కొట్టారు, ఆ మూడింటికీ ఒకదాని సంగతి ఇంకోదానికి తెలీదు, ప్రతిదీ మళ్ళీ సున్నా నంబర్ కోర్ నుంచే మొదలెడుతుంది. ఇంకెవడో ముందే కూర్చున్నాడని అడిగేవాళ్ళు లేరు, కట్టేశాక లైనక్స్ కూడా వాటిని పక్క కోర్‌కి జరపదు, జరపొద్దని మీరే చెప్పారు కదా. ముగ్గురు ఒకే కోర్ పంచుకుంటే తలా 33 శాతం.

ఇందులో ఇంకో దెబ్బ ఉంది, అది చాలామందికి తట్టదు. ఎంపీఐ జాబ్ పెళ్ళి బస్సు లాంటిది, అందరూ ఎక్కితేగానీ కదలదు, ఒక్క బాబాయి తాంబూలం వేసుకుంటూ ఆగిపోతే నలభై మందీ ఆగిపోవాల్సిందే. ప్రతి ఇటరేషన్‌లోనూ (లెక్కలో ఒక్కో విడతలోనూ) ప్రాసెస్‌లన్నీ పక్కవాళ్ళతో హద్దుల దగ్గర అంకెలు మార్చుకోవాలి, ప్రెజర్ సాల్వర్‌లో అయితే ఒక్క ఇటరేషన్ లోపలే ఎన్నోసార్లు అందరూ కలిసి ఒక మొత్తం వేసుకోవాలి. కాబట్టి రెండు జాబ్‌లకి ఒక్క కోర్ ఉమ్మడిగా పడినా చాలు, ఆ రెండు జాబ్‌లూ మొత్తంగా దాదాపు సగం స్పీడుకి పడిపోతాయి, మిగతా కోర్లు ఎంత ఖాళీగా ఉన్నా సరే. పైగా ఆగి ఉన్న ప్రాసెస్ ఊరికే నిద్రపోదు, మెసేజ్ వచ్చిందా వచ్చిందా అని కోర్‌ని తిప్పుతూనే ఉంటుంది, అందుకే టాప్‌లో వంద శాతం కనిపించినంత మాత్రాన పని జరుగుతున్నట్టు కాదు.

దీన్ని సరిచేయడం తేలిక. బైండ్-టు కోర్ తీసేసి బైండ్-టు నన్ అని పెట్టండి, ఎంపీఐరన్‌కి ముందు టాస్క్‌సెట్ పెట్టి హైఫన్ సీ తర్వాత కోర్ల నంబర్లు ఇవ్వండి: మొదటి కేసుకి 0-3, రెండోదానికి 4-7, మూడోదానికి 8-11. ఎంపీఐరన్ పుట్టించే ప్రాసెస్‌లన్నీ ఆ హద్దులోనే ఉంటాయి, హద్దు లోపల ఎవరు ఏ కోర్ మీద అనేది లైనక్స్ చూసుకుంటుంది, నాలుగు ప్రాసెస్‌లకి నాలుగు కోర్లు కాబట్టి గొడవ ఉండదు. కేసు ఫోల్డర్లో డీకంపోజ్ డిక్షనరీలో (కేసుని ముక్కలు చేసే సెట్టింగుల ఫైలు) సబ్‌డొమైన్ల, అంటే ముక్కల, సంఖ్య కూడా 4 చేసి, స్కాచ్ అనే పద్ధతితో మళ్ళీ డీకంపోజ్ చేసుకోవాలి, లేకపోతే మొదట్లోనే ఎర్రర్ ఇచ్చి ఆగిపోతుంది.

ఇప్పుడు 4 ఎందుకు, 16 ఎందుకు కాదు. ఆమ్దాల్ అనే ఆయన 1967లో చెప్పిన లెక్క ఇది, కాలేజీలో చదివే ఉంటారు గానీ పరీక్ష అయ్యాక ఎవరూ వాడరు. ఒక ప్రోగ్రామ్‌లో 5 శాతం పని ముక్కలు చేయలేనిది అనుకోండి. 4 కోర్లు ఇస్తే స్పీడు 3.48 రెట్లు అవుతుంది, 8 ఇస్తే 5.93, 16 ఇస్తే 9.14. అంటే 16 కోర్లు పెట్టి 9 కోర్ల పనే తీసుకుంటున్నారు. అవే 16 కోర్లని నాలుగు నాలుగుగా పంచి నాలుగు కేసులు వేస్తే నాలుగు 3.48లు, దాదాపు 14. ఒక్కో కేసు ఆలస్యంగానే అవుతుంది, అది నిజం, కానీ మీ గైడ్ అడిగేది ఒక్క కేసు ఎప్పుడవుతుందని కాదు కదా, 12 ఎప్పుడవుతాయని. అందుకే కేసులు ఎక్కువగా ఉన్నప్పుడు చూడాల్సింది ఒక్క కేసు టైము కాదు, రోజుకి ఎన్ని కేసులు బయటికి వస్తున్నాయనేదే.

దీనికి తోడు సెల్స్ లెక్క ఒకటి ఉంది. సీఎఫ్‌డీ (ఇలా గాలి, నీళ్ళ ప్రవాహాన్ని కంప్యూటర్లో లెక్కేయడం) చేసేవాళ్ళ మధ్య నలిగే మోటు లెక్క, కోర్‌కి 50 వేల నుంచి లక్ష సెల్స్ ఉండాలి, అంతకంటే తగ్గితే లెక్క వేసే టైము కంటే పక్కవాడితో మాట్లాడే టైము ఎక్కువైపోతుంది. మీ 8 లక్షల సెల్స్‌ని 16 ముక్కలు చేస్తే ఒక్కోదానికి 50 వేలు, అంటే అంచు మీద ఉన్నారు. 4 ముక్కలైతే రెండేసి లక్షలు, హాయిగా ఉంటుంది.

మరి అదే లెక్క ప్రకారం 16 కేసులు ఒక్కో కోర్ మీద వేస్తే ఇంకా లాభం కదా అని అడుగుతారు. కాగితం మీద అంతే. నా దగ్గరికి ఈ ప్రశ్న తెచ్చే వాళ్ళలో ఎక్కువమంది ఆగిపోయేది సరిగ్గా ఇక్కడే, ఎందుకంటే ఆమ్దాల్ లెక్కలో మెమరీ లేదు.

ఓపెన్‌ఫోమ్ లాంటి సీఎఫ్‌డీ కోడ్‌కి గుణకారాలు తక్కువ, మెమరీ నుంచి అంకెలు తెచ్చుకోవడం ఎక్కువ. మీ 5950ఎక్స్‌కి మెమరీ ఛానెళ్ళు రెండే. డీడీఆర్4 3200 వేస్తే ఛానెల్‌కి సెకనుకి 25.6 జీబీ, రెండూ కలిపి 51.2 జీబీ, అదీ కాగితం మీద ఉండే గరిష్ఠం. దాన్ని 16 కోర్లకి పంచితే తలా 3.2 జీబీ వస్తుంది, మీ చిప్‌లోది (జెన్ 3 తరం) ఒక్క కోర్ ఒంటరిగా ఉంటే దానికి కొన్ని రెట్లు లాగేసుకోగలదు. అంటే కొన్ని కోర్లు పనిలో దిగేసరికే దారి నిండిపోతుంది, ఆ తర్వాత మీరు కోర్లు పెంచినా, కేసులు పెంచినా, అందరూ క్యూలో నిలబడటమే. అందుకే మీకు నాలుగు కేసులు అని కాకుండా మూడు అని చెప్పా, 4 కోర్లు ఖాళీగా పోతున్నాయని బాధపడకండి, అవి ఖాళీగా లేకపోయినా మీకు పెద్దగా ఒరిగేది ఉండకపోవచ్చు. పైగా ఆ ఖాళీ కోర్ల మీద మీరు పారావ్యూ తెరుచుకుని పాత కేసుల రిజల్ట్స్ చూసుకోవచ్చు, రన్నింగ్ జాబ్‌లని కదపకుండా.

ర్యామ్ ఎన్ని స్టిక్‌లుగా ఉందో ముందు చూడండి. ఇది నేను ప్రతిసారీ అడిగే మొదటి ప్రశ్న. మన దగ్గర అసెంబుల్ చేయించేటప్పుడు షాపులో తర్వాత పెంచుకోవచ్చులే అని 32 జీబీ స్టిక్ ఒక్కటే పెట్టి ఇస్తారు, లేదా రెండు పెట్టినా ఒకే ఛానెల్ స్లాట్లలో గుచ్చేస్తారు, అలాంటప్పుడు 51.2 కాస్తా 25.6 అయిపోతుంది. ఆఫీసు పనికి పెద్ద తేడా తెలీదు, సీఎఫ్‌డీకి మాత్రం సగం మెషీన్ పోయినట్టే. డీఎంఐడీకోడ్ కమాండ్ మెమరీ అని ఇచ్చి కొడితే ఏ స్లాట్లో ఏముందో, ఎంత స్పీడులో నడుస్తోందో చూపిస్తుంది. స్పీడు 2133 అనో 2400 అనో కనిపిస్తే బయోస్‌లో మెమరీ ప్రొఫైల్ ఆన్ చేసి ఉందో లేదో కూడా చూసుకోండి. పైసా ఖర్చు లేకుండా వచ్చే స్పీడు ఇది.

సరే, టెస్టు. మీ 12 కేసుల్లో ఏదో ఒకదాన్ని నాలుగు కాపీలు తీసి పెట్టుకోండి. మొదట ఒక్కటే 4 కోర్ల మీద వేసి ఓ యాభై ఇటరేషన్లు కానిచ్చి ఇటరేషన్‌కి ఎంత పట్టిందో లాగ్‌లోంచి రాసుకోండి. మొదటి పది వదిలేయండి, అవి ఎప్పుడూ అటూ ఇటూగా ఉంటాయి. తర్వాత రెండు కాపీలు ఒకేసారి, తర్వాత మూడు, తర్వాత నాలుగు, ప్రతిసారీ కోర్లు విడివిడిగా కట్టి. జాబ్‌ల సంఖ్యని ఇటరేషన్ టైముతో భాగించండి, ఆ అంకె పెరుగుతున్నంతసేపూ జాబ్‌లు పెంచండి, ఆగిపోయిన చోట మీరూ ఆగిపోండి.

లెక్క అర్థం కావడానికి ఉత్తుత్తి అంకెలతో చెప్తా. ఒక్కటి వేస్తే ఇటరేషన్‌కి 2 సెకన్లు, రెండు వేస్తే 2.4, మూడు వేస్తే 3.3, నాలుగు వేస్తే 4.6 అనుకోండి. భాగిస్తే 0.50, 0.83, 0.91, 0.87. మూడు దగ్గర బెస్ట్, నాలుగో జాబ్ వేస్తే ఉన్నది పోయింది. మీకు నాలుగు దగ్గర కూడా పెరుగుతుంటే నాలుగే వేసుకోండి, నాకేం అభ్యంతరం లేదు, అంకె చెప్పిందే వేదం.

ఈ టెస్టులోనే ఇంకో చిట్కా. ఓపెన్‌ఫోమ్ లాగ్‌లో ప్రతి ఇటరేషన్ చివర రెండు టైములు రాస్తుంది, ఎగ్జిక్యూషన్ టైము ఒకటి, క్లాక్ టైము ఒకటి. మొదటిది ప్రాసెసర్ మీద కూర్చున్న టైము, రెండోది గోడ గడియారం టైము. రెండూ దాదాపు ఒకటే ఉండి రెండూ కలిసి పెరుగుతుంటే ఇబ్బంది మెమరీ దారిలో. క్లాక్ టైము మాత్రమే ఎగబాకుతుంటే మీకు కోర్ దొరకట్లేదు, అంటే కట్టడంలో ఎక్కడో రెండు జాబ్‌లు ఒకదాని మీద ఒకటి పడ్డాయి, లేకపోతే డిస్క్ మీద రాయడానికి ఆగుతోంది. మీరు ఇప్పటికే వేసిన ఆ మూడు కేసుల లాగ్‌లు తీసి చూడండి, క్లాక్ టైము ఎగ్జిక్యూషన్ టైముకి మూడు రెట్లు దగ్గర్లో ఉంటుంది.

ఇంక ఆ 32 సంగతి. కోర్లు 16, థ్రెడ్లు 32. ఒక్కో కోర్ బయటికి రెండుగా కనిపిస్తుంది గానీ లోపల లెక్కలు చేసే యూనిట్లు ఒకే సెట్టు, క్యాష్ (కోర్ పక్కనే ఉండే చిన్న వేగమైన మెమరీ) కూడా ఒకటే. ఒక థ్రెడ్ ఆగినప్పుడు రెండోది ఆ ఖాళీని వాడుకోవడం కోసం పెట్టిన ఏర్పాటు అది, వెబ్ సర్వర్లకి, కోడ్ కంపైల్ చేయడానికి బాగానే పనికొస్తుంది. సీఎఫ్‌డీలో రెండు థ్రెడ్లూ ఒకే మెమరీ దారి కోసం నిలబడతాయి కాబట్టి వచ్చేది ఏమీ ఉండదు, ముక్కలు 32 అయ్యేసరికి మాటలు పెరిగి పోయేదే ఉంటుంది. ఓపెన్ ఎంపీఐ కూడా మామూలుగా 16 దాటి అడిగితే స్లాట్లు లేవని ఎర్రర్ ఇస్తుంది, ఓవర్‌సబ్‌స్క్రైబ్ అని పెట్టి దాని నోరు మూయించకండి, అది మీ మంచికే చెప్తోంది.

నంబర్ల విషయంలో ఒక్క జాగ్రత్త. మీ రైజెన్ మీద లైనక్స్‌లో 0 నుంచి 15 వరకు విడివిడి కోర్లు, 16 నుంచి 31 వాటి జంట థ్రెడ్లు. విండోస్‌లో అలా కాదు, అక్కడ 0, 1 రెండూ ఒకే కోర్, 2, 3 ఇంకో కోర్. ఎల్‌ఎస్‌సీపీయూ కమాండ్‌కి హైఫన్ ఈ ఇచ్చి కొడితే ఏ నంబర్ ఏ కోర్‌దో పట్టిక వస్తుంది, ఊహించుకోకుండా అది చూసి కట్టండి. మీ చిప్‌లో ఇంకో సంగతి, 16 కోర్లు రెండు ముక్కలుగా ఉంటాయి, ముక్కకి 8 కోర్లు, ముక్కకి 32 ఎంబీ ఎల్3 క్యాష్. 0-7 ఒక ముక్క, 8-15 రెండోది. ఒక జాబ్‌ని 6-9 అని రెండు ముక్కల మీద కాళ్ళు చాపేలా పెట్టొద్దు. మీ 5 కోర్ల పంపకాన్ని విడివిడిగా కట్టినా ఆ తప్పు వస్తుంది, రెండో జాబ్‌కి 5-9 పడుతుంది. 4 అయితే ఎటు పంచినా ముక్కలో ఇమిడిపోతుంది.

ర్యామ్ సరిపోతుందా అంటే మీకు సరిపోతుంది. ఓపెన్‌ఫోమ్‌కి పది లక్షల సెల్స్‌కి ఒకటి రెండు జీబీ అని మోటుగా అనుకుంటారు, మీ కేసు మూడైనా నాలుగైనా 64లో సులువుగా పడతాయి. మెష్ (ఆ సెల్స్ గళ్ళు) చేసేటప్పుడు మాత్రం స్నాపీ అనే మెష్ ప్రోగ్రామ్ చాలా ఎక్కువ తింటుంది, నాలుగు మెష్‌లు ఒకేసారి వేయకండి. ర్యామ్ చాలక స్వాప్‌లోకి, అంటే డిస్క్ మీదకి, గానీ వెళ్ళిందంటే ఇప్పటిదాకా చెప్పిన కోర్ల లెక్కలన్నీ గంగలో కలిసినట్టే.

12 కేసులు ఎలా వరస పెట్టాలి. ముందు ఒక్క కేసు వేయండి, 8 కోర్లు ఇచ్చి. అది మొత్తం అయ్యాక పారావ్యూలో తెరిచి గాలి ఫ్యాన్ లోంచి బయటికి వస్తోందా లోపలికి పోతోందా, టిక్కీల మధ్య సందుల్లో స్పీడు నమ్మేలా ఉందా చూసుకోండి. బౌండరీ కండిషన్ (అంచుల దగ్గర గాలి ఎలా ఉండాలన్న షరతు) తప్పు పెట్టి 12 కేసులూ చక్కగా కోర్లు పంచుకుని, చక్కగా తప్పు జవాబుకి చేరుకోవడం నేను చాలా ప్రాజెక్టుల్లో చూశా. ఆ ఒక్కటి బాగుంది అనుకున్నాక మిగతా 11 క్యూలో పెట్టండి.

క్యూ అంటే మూడు వేసి, మూడూ అయ్యేదాకా ఆగి, మళ్ళీ మూడు వేయడం కాదు. మూడింటిలో ఒకటి ముందే అయిపోతుంది, ఆ నాలుగు కోర్లూ మిగతా రెండిటి కోసం ఎదురుచూస్తూ రాత్రంతా ఖాళీగా ఉంటాయి. గ్నూ ప్యారలల్ వేసుకోండి, హైఫన్ జే 3 అని ఇస్తే ఎప్పుడూ మూడే నడుస్తాయి, ఒకటి అవగానే తర్వాతది ఎక్కుతుంది. దానిలో స్లాట్ నంబర్ ఇచ్చే గుర్తు ఒకటుంది, ఫ్లవర్ బ్రాకెట్ల మధ్య పర్సెంట్ గుర్తు. మూడు జాబ్‌లు నడుస్తుంటే దాని విలువ 1, 2, 3లో ఏదో ఒకటి, ఏ ఇద్దరికీ ఒకే నంబర్ రాదు. చిన్న షెల్ స్క్రిప్టులో ఆ నంబర్లోంచి ఒకటి తీసేసి నాలుగుతో గుణిస్తే మొదటి కోర్ నంబర్ వచ్చేస్తుంది, దానికి మూడు కలిపితే చివరిది, ఆ రెండూ టాస్క్‌సెట్‌కి ఇచ్చేయండి. ఇంక మీరు పడుకోవచ్చు. క్యూలో పెద్ద కేసులు ముందు, చిన్నవి వెనక పెట్టండి, పెద్దది ఆఖర్లో పడితే అదొక్కటే 4 కోర్ల మీద ఈడుస్తూ ఉంటుంది, మిగతా మెషీన్ అంతా దాన్ని చూస్తూ కూర్చుంటుంది. ఇదంతా టీమక్స్ (కనెక్షన్ తెగినా పని ఆగకుండా ఉంచే ప్రోగ్రామ్) లోపల నడపండి, ల్యాప్‌టాప్ నుంచి లాగిన్ అయి వేసేవాళ్ళకైతే ఇది తప్పనిసరి.

ల్యాబ్‌లో నలుగురు వాడే మెషీన్ అయితే ఇవన్నీ కాదు, స్లర్మ్ (జాబ్‌లని క్యూలో పెట్టి కోర్లు పంచే సాఫ్ట్‌వేర్) వేయించండి. ఒక్క మెషీన్ మీద కూడా స్లర్మ్ నడుస్తుంది, అడ్మిన్ ఒక పూట కష్టపడాలి అంతే, ఎవరి కోర్లు ఎవరివి అనేది అదే చూసుకుంటుంది. అర్రే జాబ్ ఇచ్చి 1-12 తర్వాత పర్సెంట్ 3 అని పెడితే ఒకేసారి మూడుకి మించి నడవనివ్వదు. వాట్సాప్ గ్రూపులో "నేను 0-7 వాడుతున్నా ఎవరూ ముట్టుకోవద్దు" అని పెట్టుకునే ల్యాబ్‌లు మన చుట్టుపక్కల ఇంకా ఉన్నాయి, పరీక్షల ముందు ఆ గ్రూపు చూస్తే నవ్వాలో ఏడవాలో తెలీదు.

ఇప్పటిదాకా చెప్పింది ఓపెన్‌ఫోమ్ లెక్క. వేరే సాఫ్ట్‌వేర్ వాళ్ళు ఇదే 4, 3 అని పట్టుకుపోకండి, అక్కడ జవాబు తిరగబడొచ్చు.

నేను విజయవాడలో ఎక్కువగా చేసేది స్ట్రక్చరల్ పని, ఆటోనగర్ బాడీ బిల్డింగ్ వాళ్ళకి బస్సు ఫ్రేములు, బ్రాకెట్లు వగైరా. అబాకస్‌లో అయితే కోర్ల కంటే ముందు టోకెన్లు (లైసెన్సు యూనిట్లు) అయిపోతాయి. అక్కడ లైసెన్సు లెక్క విచిత్రం, 4 కోర్ల జాబ్‌కి 8 టోకెన్లు, 8 కోర్లకి 12, 16 కోర్లకి 16. మీ దగ్గర 16 టోకెన్లే ఉంటే వాటితో రెండు 4 కోర్ల జాబ్‌లు వేయొచ్చు, లేదా ఒక్క 16 కోర్ల జాబ్ వేయొచ్చు. పైన ఆమ్దాల్ అంకెలే పెట్టి చూడండి, రెండు 3.48లు కలిపితే 7 కూడా రాదు, 16 కోర్లది 9.14. అంటే ఓపెన్‌ఫోమ్‌లో తప్పు అన్న పద్ధతే ఇక్కడ రైటు. డబ్బులు కట్టిన సాఫ్ట్‌వేర్‌లో ముందు లైసెన్సు చూడండి, తర్వాతే ప్రాసెసర్.

ఫార్మసీ వాళ్ళు గ్రోమాక్స్‌లో (అణువుల కదలికలు లెక్కేసే సాఫ్ట్‌వేర్) నాలుగు లిగాండ్లు (మందు అణువులు) ఒకేసారి వేస్తుంటారు, గుంటూరు వైపు నుంచి ఈ ప్రశ్నే ఎక్కువ వస్తుంది. అక్కడా మీ జబ్బే ఇంకో రూపంలో. పిన్ ఆన్ (కోర్లకి కట్టేయమని) అని పెట్టి రెండు రన్‌లు వేస్తే రెండూ మొదటి కోర్ నుంచే పిన్ అవుతాయి, రెండోదానికి పిన్ ఆఫ్‌సెట్ ఇవ్వాలి, హైపర్‌థ్రెడింగ్ ఉంటే ఆ ఆఫ్‌సెట్ కోర్లలో కాదు థ్రెడ్లలో లెక్క. పిన్ గురించి ఏమీ చెప్పకుండా వదిలేస్తే, మెషీన్ మొత్తం వాడుతున్నప్పుడు తప్ప అది కట్టదు, కాబట్టి సగం కోర్లతో వేసే ప్రతి రన్‌కీ పిన్, ఆఫ్‌సెట్, థ్రెడ్ల సంఖ్య మూడూ మీరే రాయాలి. మంచి సంగతి ఏంటంటే మాలిక్యులర్ డైనమిక్స్ డేటా చాలావరకు క్యాష్‌లోనే ఇమిడిపోతుంది, మెమరీ దారి అంతగా అడ్డం రాదు, అందుకని అక్కడ నాలుగు రన్‌లు నిండుగా వేసుకోవచ్చు, రెండో థ్రెడ్ కూడా కాస్త పనికొస్తుంది.

పైథాన్‌లో మాంటీకార్లో (యాదృచ్ఛిక అంకెలతో వేలసార్లు వేసే లెక్కలు) చేసేవాళ్ళకి ఇంకో తలనొప్పి. మల్టీప్రాసెసింగ్‌తో 16 ప్రాసెస్‌లు తెరుస్తారు, లోపల నంపై (పైథాన్ అంకెల లైబ్రరీ) వెనకాల ఉన్న ఓపెన్‌బ్లాస్ ప్రతిదాంట్లో మళ్ళీ 32 థ్రెడ్లు పుట్టిస్తుంది, మొత్తం 512, అందరూ 16 కోర్ల కోసం తన్నుకుంటారు. ఓఎంపీ నమ్ థ్రెడ్స్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ 1 చేసి, నంపై ఇంపోర్ట్ అవ్వకముందే అది సెట్ అయ్యేలా చూసుకుంటే చాలు. వేలకొద్దీ చిన్న చిన్న రన్‌లు, ఒకదానితో ఒకటి మాట్లాడుకోనివి అయితే రన్‌కి ఒక్క కోర్ చొప్పున ఇవ్వడమే ఎప్పుడైనా బెస్టు.

2024 సెప్టెంబర్‌లో బుడమేరు ముంచెత్తాక హెక్-రాస్‌లో 2డీ వరద మోడళ్ళు వేసే పిల్లలు కూడా ఇదే అడుగుతున్నారు. దాంట్లో కోర్ల సంఖ్య ఉన్నవన్నీ అని ఉంటుంది, మోడల్ చిన్నదైతే 4 అని పెట్టి చూడండి, చాలాసార్లు ఇంకా త్వరగా అవుతుంది. రెండు మోడళ్ళు ఒకేసారి వేయాలంటే ప్రాజెక్టు ఫోల్డర్ కాపీ చేసి విడిగా తెరవండి, టాస్క్ మేనేజర్‌లో డీటెయిల్స్‌కి వెళ్ళి రైట్ క్లిక్ కొడితే సెట్ అఫినిటీ ఉంటుంది.

కొత్త ఇంటెల్ మెషీన్ల వాళ్ళు, అంటే 12వ తరం నుంచి పెద్ద కోర్లు చిన్న కోర్లు కలిపి ఉన్నవాళ్ళు, జాగ్రత్త. ఐ7 12700లో 12 కోర్లు అంటే 8 పెద్దవి, 4 చిన్నవి. ఒక్క జాబ్‌ని సమానంగా 12 ముక్కలు చేస్తే 8 పెద్ద కోర్లూ ఆ 4 చిన్నవాటి కోసం ప్రతి ఇటరేషన్‌లో ఆగుతాయి. పెద్దవాటి మీదే జాబ్‌లు కట్టండి, చిన్నవి మెష్ చేయడానికో, పోస్ట్ ప్రాసెసింగ్‌కో వదిలేయండి.

మన ఊళ్ళకి సంబంధించిన మాట ఒకటి. రోహిణి కార్తెలో ఏసీ లేని గదిలో 16 కోర్లూ నిండుగా నడిపితే ప్రాసెసర్ వేడెక్కి తనంతట తానే స్పీడు తగ్గించుకుంటుంది. మీ చిప్‌కి ఏఎండీ ఇచ్చిన హద్దు 90 డిగ్రీలు. రాత్రి చేసిన టెస్టులో మూడు జాబ్‌లు బాగున్నాయని, మధ్యాహ్నం అవే నెమ్మదించాయని కంగారు పడొద్దు, సెన్సర్స్ కమాండ్ కొట్టి టెంపరేచర్ చూడండి, టెస్టులన్నీ ఒకే పూట చేయండి. కరెంటు పోతే యూపీఎస్ ఉన్నా అది మీరు మెషీన్ సరిగ్గా ఆపుకోవడానికే, కేసు ముగియడానికి కాదు. కంట్రోల్ డిక్షనరీలో రైట్ ఇంటర్వెల్ గంటకోసారి పడేలా పెట్టి, స్టార్ట్ ఫ్రమ్ దగ్గర లేటెస్ట్ టైమ్ అని పెట్టుకోండి, పాతవి డిస్క్ నింపకుండా పర్జ్ రైట్ 2 చాలు. మూడు కేసులూ ఒకే నిమిషంలో డిస్క్ మీద పడకుండా ఇంటర్వెల్స్ కొంచెం తేడాగా పెడితే హార్డ్ డిస్క్ వాళ్ళకి ఇంకా మంచిది, ఎస్‌ఎస్‌డీ అయితే పట్టించుకోనక్కర్లేదు.

చివర్లో గైడ్ గారు ల్యాబ్‌కి కొత్త మెషీన్ కొంటామంటున్నారు, 24 కోర్లది తీసుకోమంటారా అని కూడా అడిగారు. సీఎఫ్‌డీకే అయితే కోర్లు చూసి కొనొద్దని చెప్పండి, మెమరీ ఛానెళ్ళు చూడమనండి. మామూలు డెస్క్‌టాప్ బోర్డుల్లో ఎన్ని కోర్లున్నా ఛానెళ్ళు రెండే, డీడీఆర్5 4800 వేసినా 76.8 జీబీ దగ్గర ఆగుతుంది. 8 ఛానెళ్ళ పాత ఏఎండీ ఎపిక్ సర్వర్ డీడీఆర్4 3200తో 204.8 జీబీ ఇస్తుంది, ఎనిమిది స్లాట్లూ నింపితేనే సుమా. అదే బడ్జెట్‌లో సెకండ్ హ్యాండ్‌లో దొరికితే నేనైతే కళ్ళు మూసుకుని అదే తీసుకుంటా, శబ్దం మాత్రం ఎక్కువ, ల్యాబ్‌లో కాకుండా పక్క గదిలో పెట్టించండి.

ఎల్‌ఎస్‌సీపీయూ పట్టిక, డీఎంఐడీకోడ్‌లో వచ్చింది, ఆ నాలుగు టెస్టుల ఇటరేషన్ టైములు ఇక్కడ పెట్టండి, మూడా నాలుగా అనేది చూసి చెప్తా.